దూరం వెళ్లాక కనిపించిన ఊరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి, జపాన్ నుంచి ఒకటి, కెనడా నుంచి ఒకటి, దుబాయ్ నుంచి ఒకటి, ఇంకోటి మన ఆసిఫాబాద్ జిల్లా నుంచే. జనం పల్చగా ఉండే మన చోట్లు పైదేశాలకి వెళ్లినవాళ్లకి కొత్తగా కనపడటం గురించి. అందుకని ఈసారి పేజీ మొత్తం వీటికే ఇచ్చేశాం, మిగతా ప్రశ్నలకి వచ్చే నెల జవాబులు రాస్తాం.

ప్రశ్న: మాది పాడేరు అవతల హుకుంపేట మండలంలో కొండ మీద చిన్న ఊరండి, నలభై గడప ఉంటుందేమో. ఇంటర్ నుంచి వైజాగ్ హాస్టల్లో చదువుకున్నాను, ఇప్పుడు జపాన్‌లో యోకోహామాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్. వైజాగ్‌లో ఎవరన్నా మీదే ఊరు అంటే పాడేరు అని చెప్పి ఊరుకునేదాన్ని, అసలు పేరు చెప్తే అక్కడ మనుషులుంటారా, కరెంటుందా అనేవాళ్లు. నాకూ అలాగే అనిపించేది, ఏటుంది అక్కడ, కొండలు, వాన, నరమానవుడు కనపడని రోడ్డు. అమ్మ వెదురు కొమ్ముల కూర డబ్బాలో పెట్టిస్తే రూమ్‌లో అందరూ పడుకున్నాక తినేదాన్ని. ఇక్కడేమో వసంతం రాగానే సూపర్‌మార్కెట్లో ముందు వరసలో అవే వెదురు కొమ్ములు, తకెనోకో అంటారు, మట్టితో సహా పెట్టి అమ్ముతారు, రేటు కూడా తక్కువేం కాదు, జనం ఇష్టంగా కొనుక్కెళ్తారు. ఆఫీసులో ఒకావిడ వాటితో అన్నం వండి తెచ్చి పెట్టింది, తింటుంటే కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. అప్పటినుంచీ మా ఊరి ఫోటోలు చూస్తే ఎంత పెద్ద ఆకాశం, ఎంత చోటు, అన్నీ వదిలేసి వచ్చానే అనిపిస్తోంది. అమ్మతో చెప్తే "అక్కడ కూకుని చెప్తావులే, గెడ్డ దాటి నీళ్లు మోసేది నేను" అంది, గెడ్డ అంటే మా వైపు వాగు. నా చూపు నిజంగా మారిందా, లేక దూరంలో ఉన్నాను కాబట్టి కలిగిన భ్రమా?
— ఒక పాఠకురాలు, యోకోహామా

జవాబు: భ్రమ కాదమ్మా. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పోల్చుకోడానికి ఇంకో చోటే లేదు, వైజాగ్ వచ్చాక దొరికింది గానీ అది మీ ఊరిని తక్కువ చేసే మాట్లాడేది, ఇప్పుడు వెదురు కొమ్ముకి మర్యాద ఇచ్చే చోటు ఒకటి దొరికింది, దాంతో మీ నాలుకకి ముందే తెలిసిన సంగతి మీ మనసు కూడా ఒప్పుకుంది. కానీ మీ అమ్మగారి మాట కూడా అంతే నిజం. ఆ రెండిటినీ ఒకేసారి పట్టుకోకపోతే మాత్రం మీ ప్రేమ ఫోన్ వాల్‌పేపర్ దగ్గరే ఆగిపోతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పాటు చేసినప్పుడు దాని విస్తీర్ణం 12 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే, 2011 జనాభా లెక్కల ప్రకారం అందులో ఉన్నది తొమ్మిదిన్నర లక్షల మంది, అంటే చదరపు కిలోమీటరుకి 80 మంది కూడా లేరు. అదే లెక్కల్లో దేశం సగటు 382. మీ పక్కనే ఉన్న టోక్యోలో అయితే ఆరు వేలు దాటతారు. ఎందుకింత తక్కువ అంటే కొండలు కదా అని ఊరుకుంటాం గానీ కొండలొక్కటే కారణం కాదు. మన్యం జ్వరం, అంటే మలేరియా, దానికి జడిసి మైదానం వాళ్లూ తెల్లదొరల సిపాయిలూ కూడా చాలాకాలం పైకొచ్చి నిలదొక్కుకోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు, అడవిలో కట్టె కొడితే కేసు, సరైన కూలి ఇవ్వకుండా ఘాట్ రోడ్డు పనులు, ఇవన్నీ కలిసే 1922లో జనం అల్లూరి వెనక నడిచారు, ఆ ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి, 1924 దాకా ఆ పోరాటం నడిచింది. ఎవరూ లేని అడవిలో అన్నాళ్లు పోరాటం నడుస్తుందా చెప్పండి. ఏ కాలిబాట ఎక్కడ తేలుతుందో, ఏ గెడ్డ ఏ నెలలో దాటొచ్చో తెలిసిన మనుషులు ఊరూరా ఉన్నారు కాబట్టే నడిచింది.

ఇంకో ముఖ్యమైన కారణం 1/70. ఏజెన్సీలో, అంటే గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతంలో, భూమిని గిరిజనేతరులు కొనకూడదని 1959లో వచ్చిన రెగ్యులేషన్‌ని 1970లో ఇంకా గట్టి చేశారు కదా, దాన్నే మన్యంలో చిన్నపిల్లలు కూడా వన్ ఆఫ్ సెవంటీ అంటారు. తర్వాత అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళ్తే, 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు మైనింగ్ కంపెనీలకి లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. మీ ఫోటోల్లో ఆ కొండ అలాగే పచ్చగా, దాని మీద హోటల్ బోర్డు లేకుండా కనపడుతోందంటే దేవుడి దయ ఒక్కటే అనుకోకండి, మీ పెద్దవాళ్ల పోరాటాలూ కోర్టు కాగితాలూ కూడా ఆ పచ్చదనంలో ఉన్నాయి.

మీరున్న దేశానికీ మీ కొండలకీ పాత లింకు కూడా ఒకటుంది, తెలుసో లేదో. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస - కిరండూల్ లైను 1960లలో వేసింది ప్రయాణికుల కోసం కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టు నుంచి జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకి పంపడానికి, ఆ దేశం సాయంతోనే వేశారు. కొండలు తొలిచి యాభైకి పైగా సొరంగాలు. 2017 నుంచీ అద్దాల బోగీ తగిలించారు, టూరిస్టులు వీడియోలు తీసుకుంటున్నారు, మంచిదే. కానీ చూడండి, ఖనిజం కిందకి దించడానికి అంత ఖర్చు పెట్టి కొండ తొలిచిన మన దేశంలో, ఆ కొండల మీదే ఎన్నో ఊళ్లకి ఇప్పటికీ అంబులెన్సు ఇంటి ముందుకి రాదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

మీ అమ్మగారు చెప్పిన గెడ్డ దగ్గరికి వద్దాం. మైదానంలో ఒక వాటర్ ట్యాంకు కడితే రెండు వేల మందికి సరిపోతుంది, మీ దగ్గర అదే ఖర్చుతో నలభై గడపకి వస్తుంది, ఆఫీసులో ఫైలు మీద తలకి ఇంత అని భాగించి చూసే మనిషికి మీ ఊరు ఎప్పుడూ ఖరీదైనదిగానే కనపడుతుంది, పక్కన పెట్టేస్తాడు. బస్సూ అంతే, నర్సూ అంతే, టీచరూ అంతే. పురిటి నొప్పులొస్తే ఇద్దరు మగవాళ్లు కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకుని 108 ఆగే రోడ్డు దాకా దిగాలి, వానాకాలం అయితే అడుగుకోసారి జారుతుంది, ముందున్నాయన కాలు పెట్టి రాయి కదలట్లేదని చూసుకున్నాకే వెనకాయన అడుగేస్తాడు, మధ్యలో ఆమె మూలుగు తప్ప ఎవరూ మాట్లాడరు. మీకిప్పుడు ఫోటోలో చోటుగా కనిపించేది అమ్మకి మోతగా తెలుస్తుంది. ఏజెన్సీలో దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా ఎన్ని గంటల నడక, ఏ కాలంలో నడక అని అడగాలి, ఊరి గురించి ఎవరికన్నా చెప్పేటప్పుడు మీరు కూడా ఆకాశంతో పాటు ఇది కూడా చెప్పండి.

జనం తక్కువ ఉండటంలో కూడా రెండు రకాలుంటాయి, అది మీకు జపాన్‌లోనే కనపడుతుంది. వీలైతే షికోకు దీవిలో నగోరో అనే ఊరు చూసి రండి. జనం పట్నాలకి పోయి, ముసలివాళ్లు పోయి, 2012లో బడి మూతపడింది, ఊరావిడ ఒకామె పోయినవాళ్ల గుర్తుగా మనిషి సైజు బొమ్మలు కుట్టి బస్టాపులో, పొలంలో, ఆ మూసేసిన క్లాసురూమ్‌లో బెంచీల మీద కూర్చోబెట్టింది. 2023 సర్వే ప్రకారం జపాన్ మొత్తం మీద ఖాళీ ఇళ్లు 90 లక్షలున్నాయి. అది ఖాళీ అయిపోతున్న ఊరు. మీది ఎప్పుడూ కొద్దిమందే ఉన్న ఊరు, పిల్లలున్న ఊరు, శుక్రవారం నాడు పాడేరు సంతకెళ్తే నిలబడ్డానికి చోటుండదు, పసుపు కొమ్ములు, రాజ్మా, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు, చింతపండు, తెల్లారకముందే కొండ దిగిన ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని అమ్ముకుంటూ ఉంటారు. పల్చగా ఉన్నంత మాత్రాన పాడుబడినట్టు కాదు. పడకుండా ఉండాలంటే మాత్రం నీళ్లూ రోడ్డూ నర్సూ ఉండాలి, లేకపోతే ఇంకో ముప్పై ఏళ్లకి మీ ఊరు కూడా నగోరో దారే పడుతుంది, నాకు ఆ భయం ఉంది.

అందుకని ఒక పని చెప్తాను. ఏజెన్సీలో గ్రావిటీ స్కీములని ఉన్నాయి, కొండపైన ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి పైపు వేసి కిందున్న ఊరికి నీళ్లు దింపుతారు, మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు. మీ ఊరి పైన వేసవిలో కూడా ఎండని ఊట ఉందేమో అమ్మని అడగండి, ఆవిడకి తెలుస్తుంది. ఉంటే ఏప్రిల్, మే నెలల్లో బిందె నిండటానికి ఎంతసేపు పడుతోందో ఊళ్లో కుర్రాళ్లతో ఫోన్లో టైం చూపించి రాయించండి, ఆ లెక్కతో గ్రామసభ తీర్మానం పెట్టి పాడేరు ఐటీడీఏకి, అంటే గిరిజనాభివృద్ధి సంస్థకి, అర్జీ ఇవ్వండి. మీరు టెస్టింగ్ చేస్తారు కదా, కొలిచి రాసిపెట్టడం మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం సైడు. నేను ఇప్పుడు కెనడాలో సస్కాచెవాన్‌లో రెజైనా దగ్గర ట్రక్కు నడుపుతాను. ఇక్కడ గంట సేపు పోయినా ఒక మనిషి కనపడడు, చెట్టు లేదు గుట్ట లేదు, అయినా ఈళ్లకి ఎంత గర్వమో, బండి నంబర్ ప్లేటు మీద కూడా సజీవ ఆకాశాల నేల అని అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. మాది అనంతపురం అంటే రూమ్‌లో గోదావరి ఫ్రెండ్సు ఎడారి ఎడారి అని నవ్వుతారు, నేనూ చిన్నప్పటి నుంచి ఏమీ లేని నేల అనే అనుకుంటి. ఇప్పుడు ఈ బయలు చూస్తాంటే మా ఊరి బయలే గుర్తొస్తాది, అంత బాగుందే మాది కూడా, మనోళ్లకి ఎవరికీ ఎందుకు అట్ల అనిపించలేదు?
— ఒక పాఠకుడు, సస్కాచెవాన్

జవాబు: తమ్ముడూ, ముందు నీ ఫ్రెండ్సుకి ఒక లెక్క చెప్పు. అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. రెజైనాలో వానా మంచూ అన్నీ కలిపినా 400కి అటూ ఇటూనే. అంటే మీరంతా ఇప్పుడు అనంతపురం కంటే తక్కువ వాన పడే చోట ఉంటున్నారు. చలిదేశం కాబట్టి ఆ నీళ్లు అంత తొందరగా ఆవిరైపోవు, మనకి ఎండ పీల్చేస్తుంది, తేడా అక్కడుంది. సస్కాచెవాన్‌లో సగటు పొలం 1,700 ఎకరాల పైచిలుకు, మన దగ్గర అయిదెకరాల వేరుశనగ రైతు బోరు మీద బోరు వేసి అప్పులపాలవుతాడు. అక్కడ బయలు కుటుంబానికి తిండి పెడుతోంది కాబట్టి గర్వం వచ్చింది, మన బయలు కరువు పేరు మోసింది కాబట్టి దాని అందం గురించి మాట్లాడే తీరిక ఎవరికీ దొరకలేదు. మనవాళ్లకి కళ్లు లేక కాదు.

ఆ కెనడా బయలు కూడా మొదటి నుంచీ అలా మనుషుల్లేకుండా ఏం లేదు. క్రీ, సోటో, అసినిబోయిన్ లాంటి ఆదిమజాతులు అడవి దున్నల (బైసన్) మందల వెంట తిరిగిన నేల అది. 1872లో డొమినియన్ ల్యాండ్స్ చట్టం తెచ్చి పది డాలర్ల ఫీజుకి 160 ఎకరాలు వచ్చి సాగు చేసుకోండి అని సెటిలర్లని పిలిచారు, 1874లో ఇప్పుడు నువ్వున్న రెజైనా ప్రాంతం కలిసొచ్చేలా నాలుగో నంబరు ఒప్పందం ఆ జాతులతో చేయించుకున్నారు, తర్వాత కొన్నేళ్లకే దున్నలు వేటకి అయిపోయి వాళ్లు ఆకలికి మలమలా మాడారు. సెలవు దొరికితే దక్షిణాన గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకి వెళ్లు, 2005లో ఆ దున్నల్ని మళ్లీ తెచ్చి వదిలారు, గడ్డినేల అంటే ఏంటో అక్కడ కాసేపు నిలబడితే అర్థమవుతుంది.

మన దగ్గర గడ్డినేలకి అలాంటి గౌరవం దక్కలేదు, రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసేస్తే సరిపోయింది. కానీ గొర్రెల కాపరిని అడుగు, ఏ గుట్ట వాలులో ఏ నెలలో ఏ గడ్డి మొలుస్తుందో, ఎండాకాలం మంద ఎటు తోలాలో వేళ్ల మీద చెప్తాడు. ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో శాంక్చురీ పెట్టారు, మీటరు ఎత్తు ఉండే పక్షి, విశాలమైన గడ్డినేల లేకపోతే బతకలేదు. శాంక్చురీలో కృష్ణజింకలు బాగా పెరిగి చుట్టూ పొలాలు మేసేసరికి రైతులు విసిగిపోయారు, చుట్టూరా పచ్చిక నేలలు కాలవ కింద పొలాలైపోయాయి, చివరికి ఆ పిట్టే అక్కడ కనపడకుండా పోయింది. తర్వాత సోలార్ వచ్చింది, గని - శకునాల దగ్గర సుమారు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు 2017కల్లా పూర్తయింది, మీ ఉమ్మడి జిల్లాలోనే ఎన్పీ కుంటలో ఇంకోటి. కరెంటు కావాలి, నేను కాదనను, బొగ్గు కంటే వెయ్యి రెట్లు నయం. కానీ ఎవరూ వాడని నేల కాబట్టి తీసుకున్నాం అంటే మాత్రం ఒప్పుకోను, పట్టా పేరు మీద ఉన్నవాడికి పరిహారం వస్తుంది, తరతరాలుగా అక్కడ గొర్రెలు మేపినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు, కంచె పడిన రోజు అతను మందని రోడ్డు పక్కకి తిప్పుకోవాల్సిందే.

నువ్వు బయలు ప్రేమించడం మొదలుపెట్టావు, చాలా సంతోషం. ఈసారి ఊరికొచ్చినప్పుడు తిమ్మమ్మ మర్రిమాను, లేపాక్షి అవీ చూపించు ఫ్రెండ్సుకి, వద్దనను, కానీ ఒక పొద్దు మీ ఊరి గొర్రెలవాళ్ల వెంట కూడా నడువు, వాళ్ల నోట విన్నాక ఏమీ లేని నేల అన్న మాట నీ నోట రాదు.

ప్రశ్న: నేను హైదరాబాదీని, దుబాయ్‌లో ఉంటున్నాను. ఈ ఇసుకలో పదేళ్లుండి విసుగొచ్చి అరకు డ్రోన్ వీడియోలు చూస్తున్నా, అంత స్థలం ఊరికే పడుంది, రెండెకరాలు కొని హోమ్‌స్టే పెడదామని ఉంది. అక్కడ తెలిసిన గిరిజనుల పేరు మీద రాయించుకోవచ్చని ఒక బ్రోకర్ అంటున్నాడు. సేఫేనా?
— ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: కొనకండి. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదు, పైన మొదటి జవాబులో రాసిన 1/70 అదే. అక్కడున్న గిరిజనేతరుడి దగ్గర కొంటానన్నా చెల్లదు. వేరేవాళ్ల పేరు మీద పెట్టడం బినామీ, డబ్బు పోతుంది, పేరిచ్చిన ఆ పేద మనిషి కేసులో ఇరుక్కుంటాడు. ఊరికే పడుంది అనుకుంటున్నారు గానీ డ్రోన్‌కి పైనుంచి సిల్వర్ ఓక్ చెట్లే కనపడతాయి, ఆ నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగ, అదొక కుటుంబం ఏడాది సంపాదన, 2019లో జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు సరుకన్న గుర్తింపు, వచ్చిన అరకు అరబికా కాఫీ అదే. మీకు నిజంగా ఇష్టముంటే అక్కడివాళ్లే నడిపే హోమ్‌స్టేలో దిగండి, వాళ్ల కాఫీ కొనండి. బ్రోకర్ నంబర్ బ్లాక్ చేసేయండి.

ప్రశ్న: నమస్తే సార్. మాది ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి మండలం, మేం గోండులం, నేను అంగన్‌వాడీ టీచర్‌ను. మా తమ్ముడు జర్మనీల ఉంటడు. మొన్న వచ్చినప్పుడు ఊరంత తిరిగి మస్తు ఖుష్ అయిండు, అక్కా ఇంత ప్రశాంతం ఎక్కడ దొరకది, ఏం మార్చొద్దు అన్నడు. మేం టవర్ కోసం రెండేండ్ల నుంచి తిరుగుతున్నం, టవర్ వస్తె ఊరు ఖరాబైతది అని నాతోని లొల్లి పెట్టుకున్నడు. పిల్లల బరువు, ఎత్తు ఫోన్ల పోషణ్ ట్రాకర్ల ఎక్కియ్యాలె, సిగ్నల్ లేక నేను గుట్టెక్కి బండ మీద నిలబడి ఎక్కిస్త, వానల అది గూడ కాదు. ఎవలకన్న పాము కరిస్తె ఫోన్ చేసుడు ఎట్ల? తమ్ముడంటె నాకు పానం, వాన్ని నొప్పియ్య బుద్ధికాదు. ఏం జెప్పాలె?
— ఒక పాఠకురాలు, తిర్యాణి

జవాబు: చెల్లెమ్మా, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీదే. వెళ్లినవాళ్లు ఎలా చూస్తున్నారో పైన ముగ్గురు రాశారు, ఉన్నవాళ్లకి ఎలా ఉంటుందో మీరొక్కరే రాశారు.

మీ తమ్ముడి సంతోషం దొంగది కాదు, ఆ ప్రశాంతం అతనికి నిజంగా అవసరమే, అక్కడ ఎంత ఒంటరిగా ఉంటున్నాడో ఏమో. కానీ అతను సెలవులకి వచ్చిన నాలుగు రోజులు బాగుండటానికి మీరు ఏడాదంతా గుట్టెక్కడం న్యాయం కాదు, ఆ మాట అక్కగా మీరు నెమ్మదిగా అయినా సూటిగా చెప్పొచ్చు. వాదన పెట్టుకునే బదులు ఈసారి ఎండాకాలం కాకుండా ఆగస్టులో రమ్మనండి. వాగు పొంగి దారి తెగినప్పుడు, బండ మీద గొడుగు పట్టుకుని మీ పక్కన నిలబడి ఒక పాప బరువు అప్‌లోడ్ అయ్యేదాకా ఫోన్ పైకెత్తి పట్టుకోమనండి, మీరు చెప్పాల్సింది ఇంకేమీ ఉండదు.

అతను చదువుకున్నవాడు కదా, హైమన్‌డార్ఫ్ సంగతి కూడా గుర్తుచేయండి. జోడేఘాట్‌లో కుమ్రం భీము 1940లో చనిపోయాక నిజాం సర్కారు పంపితే వచ్చిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. బయటినుంచి వచ్చి మీ గూడేల అందం చూసి ముగ్ధుడైనవాడే ఆయన కూడా, కానీ అక్కడితో ఆగలేదు, భూమి పట్టాలు ఇప్పించమని సర్కారుకి రాశాడు, గోండీలో చదువు చెప్పే టీచర్ల ట్రైనింగ్ మార్లవాయిలోనే మొదలుపెట్టించాడు. ఆ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, మీవాళ్లు ఇప్పటికీ వర్ధంతి చేస్తారు. ఊరిని ఇష్టపడి వచ్చినవాడు ఊరికి ఏం కావాలో కూడా అడిగాడు కాబట్టే ఇన్నేళ్లూ గుర్తుపెట్టుకున్నారు.

ఇక టవర్. మీ జిల్లాలో 2011 లెక్కన చదరపు కిలోమీటరుకి 106 మంది దాకా ఉన్నారు, తిర్యాణి గుట్టల్లో ఇంకా తక్కువ, ఒక టవర్ కింద వందో రెండొందలో ఫోన్లుంటే ప్రైవేటు కంపెనీకి గిట్టదు, వాళ్ల కోసం ఎదురు చూడకండి. సిగ్నల్ లేని ఊళ్లకే అని 2022 జూలైలో కేంద్రం 4జీ శాచురేషన్ అనే పథకం పెట్టింది, 24,680 ఊళ్లు, పని బీఎస్ఎన్ఎల్‌ది. మీ ఊరు లిస్టులో ఉందా లేదా అని కలెక్టరాఫీసులోనూ బీఎస్ఎన్ఎల్ జిల్లా ఆఫీసులోనూ రాతపూర్వకంగా అడగండి, నోటిమాట వద్దు.

చాలాసార్లు ఫైలు ఆగేది ఫారెస్టు దగ్గర. టవర్‌కి చూసిన జాగా రెవెన్యూ భూమా, అడవి భూమా ముందు తేల్చుకోండి, రెవెన్యూది అయితే అటవీ అనుమతి గొడవే తగ్గిపోతుంది. లైను అడవిలోంచి రావాల్సి ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూపించండి, బడి, ఆస్పత్రి, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు, టెలికం లైన్లు లాంటి పనులకి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చని, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదని అందులో రాసి ఉంది, దానికి గ్రామసభ సిఫారసు తప్పనిసరి. అంటే మొదటి సంతకం మీ ఊరిదే. టవర్ ఎక్కడ పెట్టాలో, ఏ చెట్టు జోలికి, ఏ పెన్ (మీ దేవుడి) స్థానం జోలికి పోకూడదో కూడా ఆ తీర్మానంలోనే రాయించండి, మీ తమ్ముడి బెంగ అక్కడే సగం తీరిపోతుంది. సభకి పటేల్‌నీ ఆడవాళ్లనీ అందరినీ పిలవండి, వచ్చినవాళ్ల సంతకాలూ వేలిముద్రలూ అదే రోజు తీసుకోండి, సెక్రటరీ దగ్గర నకలు తీసుకోండి. ఒక కాపీ ఐటీడీఏ ఉట్నూరుకి, ఒకటి జిల్లా అటవీ అధికారికి (డీఎఫ్ఓ), ఒకటి బీఎస్ఎన్ఎల్‌కి. ఇంకో కాపీ ఫోటో తీసి మీ తమ్ముడికి పంపండి, ఢిల్లీ ఆఫీసుకి ఇంగ్లీషులో రాయాల్సిన లెటర్ అతనే రాసిపెడతాడు.